బహురూపి కాయకము

వేషధారి యను మాట నేడు తిట్టుగా మారినది. పైకొకటి లోననొకటి కలవానిని, తీపి మాటలు చెప్పి మూట కట్టుకొని పోవువానిని, కాషాయము చాటున కాసులు లెక్కించువానిని లోకము వేషధారి యని నిందించును. శరణుల మాటలు వినుచు పెరిగిన ఇండ్లలో ఈ నింద మరింత ఘాటైనది. అంతరంగ బహిరంగములు రెండును ఒక్కటిగా నుండవలెనని పసితనము నుండి విన్నవారికి, కానిదానిని ఐనట్లు చూపుట సగము అబద్ధముగానే తోచును.

అయినను ఏటేట వైశాఖ శుద్ధ తదియ వచ్చుచునే యున్నది. బసవ జయంతి నాడు పిల్లలకు బసవేశ్వరుని వేషమో, అక్కమహాదేవి వేషమో వేసి వేదిక మీద నిలుపుట తల్లిదండ్రులకు ముచ్చట. అచ్చటనే చిక్కు పుట్టును. వేషము వేయు బాలుడు ఇంకను లింగదీక్ష పొందనివాడో, వేరొక కులపు ఇంటివాడో అయినచో అతని మెడలో లింగము వేయవచ్చునా? ఒక పెద్ద ససేమిరా కూడదనును. లింగము నాటకపు సొమ్ము కాదనును. మరియొక పెద్ద, కులమడిగి చేరదీసినవాడా బసవన్న యని ఎదురడుగును. ఇద్దరి మాటలోను బలమున్నది. నడుమ ఆ బాలుడు ముఖమునకు విభూతి పూసికొని, ఎవరు గెలిచెదరా యని చూచుచు నిలుచుండును.

ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని దీని వెనుక పెద్ద ప్రశ్న కలదు. ఒకడు తాను కానివానిగా కనబడుట ఎప్పుడు ఆట, ఎప్పుడు మోసము? ఆటయైనచో దానికి ధర్మములో చోటు కలదా? లేక పండుగ నాటికి మాత్రము పెద్దలు చూచి చూడనట్లు విడిచిపెట్టు అల్లరియా?

మడకశిర ప్రాంతమువారికి ఈ విచారణ సహజముగా అబ్బినది. 2022 వరకు అనంతపురము జిల్లాలోను, ఆ పిమ్మట శ్రీ సత్యసాయి జిల్లాలోను చేరిన ఈ మెట్ట సీమ మూడు వైపుల కన్నడ దేశమును తాకుచున్నది. ఇంట కన్నడము, అంగట తెలుగు మాటలాడు కుటుంబములు ఇచ్చట ఎన్నియో కలవు. శిరా సంతకు పోయినప్పుడు ఒక యాస, హిందూపురము పోయినప్పుడు మరియొక యాస. అట్లు మాట మార్చుకొనువానిని ఎవరును వేషధారి యనరు. రెండును అతనివే గదా. ఒకే మనిషికి రెండు రూపములుండుట కపటము కాదని ఈ సీమ బాలురు బడికి పోకముందే ఎరుగుదురు.

తెలుగువారు పగటివేషములనియు, కన్నడిగులు హగలువేషమనియు పిలుచు కళ ఈ రెండు భాషల నడుమ తిరుగాడినదే. రాత్రి తెర కట్టి, దీపము పెట్టి ఆడు నాటకము వేరు. ఇది పట్టపగలు, ఎండలో, వీథిలో, ఇంటి గడప ముందు జరుగును. తెర లేదు, వేదిక లేదు, చీకటి సాయము లేదు. ముఖపు రంగులోని ప్రతి పగులును చూపరికి కనబడును. ఈ వృత్తి నవలంబించినవారిలో జంగములును, బుడగ జంగములును కలరు. కన్నడ సీమలో హగలువేషము కట్టు బుడగ జంగముల మాతృభాష తెలుగు. కావున వేషపు ప్రశ్న వీరశైవులకు పొరుగింటి ప్రశ్న కాదు. జంగమ శబ్దమును మోయుచున్నవారే ఆ రంగు పెట్టెను మోసిరి.

పంట ఇల్లు చేరిన దినములలో బృందము ఊరికి వచ్చును. దినమునకొక వేషము. ఒకనాడు సోమయాజులు, సోమిదేవమ్మ వత్తురు. ఒకనాడు ఫకీరు, ఒకనాడు బుడబుక్కలవాడు, ఒకనాడు భయము గొలుపు శక్తి. అన్నిటిలోను మేలైనది అర్ధనారీశ్వర వేషమందురు. ఒకే మనిషి శరీరము నడుమ గీత గీచినట్లు రెండుగా అలంకరింపబడును. ఒక ప్రక్క జడలు, విభూతి, పులితోలు. మరియొక ప్రక్క పసుపు, కాటుక, చీర, గాజులు. చేతిలోని వస్త్రమును తెరగా పట్టి ఒక ప్రక్కను మరుగుపరచి రెండవ ప్రక్కను చూపును. శివుడు పలుకునప్పుడు గొంతు బొంగురు, పాదము తాండవము. వస్త్రము ఇటు జరుగగానే గొంతు సన్నగిల్లును, నడుము వంగును. చూపరులకు ఇద్దరు కనబడుదురు. ఒక్కడే యని వారెరుగుదురు. ఎరిగియు ఇద్దరిని చూచుటలోనే ఆనందము. మోసపోవుట వారికి ఇష్టము. ఆ ఇష్టము లేనిచో వేషగాడు వీథిలో రంగు పూసికొన్న కూలివాడు మాత్రమే.

ఈ ఆటకు ఒక నియమము కలదు. ఇన్ని దినములు ఆడియు బృందమువారు ఏనాటికానాడు పూర్తి సంభావన నడుగరు. కడపటి దినమున రంగు కడిగి, తమ సొంత బట్టలతో, తమ సొంత పేర్లతో ఇంటింటికి వచ్చి అప్పుడు చేయి చాచుదురు. మొదటి దినమున సోమయాజి యైనవాడు ఇతడే, మూడవనాడు శక్తి యైనవాడు ఇతడే యని అప్పుడు తెలియును. ఇంటివారు రాగులో, వేరుసెనగకాయలో, పాత బట్టలో, రూకలో ఇత్తురు. ఇచ్చునది శక్తికి భయపడి కాదు, సోమయాజికి మ్రొక్కి కాదు. వేషము కట్టిన మనిషి పనితనమునకు.

ఆటకును మోసమునకును గల తేడాను తెలిసికొనుటకు ఇంతకంటె తేటయైన గీత దొరకదు. మోసగాడు వేషములో ఉండగానే పుచ్చుకొనును, వేషము జారక ముందే ఊరు దాటును. అతనికి కడపటి దినము లేదు. 2024 నాటికి దేశమంతట వినవచ్చిన ఫోను మోసములను తలచుకొనవచ్చును. ఎవడో ఒకడు పోలీసు అధికారి యూనిఫారము తొడిగి వీడియోలో కనబడి, నీ మీద కేసున్నది, గది విడిచి కదలకుమని వృద్ధులను బెదిరించి బ్యాంకు సొమ్మంతయు తన ఖాతాలోనికి లాగుకొనును. అదియును వేషమే. గొంతు మార్చుట, దుస్తులు, మాటల నేర్పు అన్నియు అందులోను కలవు. కళ తక్కువై కాదు అది నేరమైనది. ఎదుటివానికి తాను ఆటలో ఉన్నానని తెలియదు, ఆట నుండి లేచిపోవు హక్కును లేదు.

ఇప్పుడు కల్యాణ నగరమునకు పోవలయును. 12వ శతాబ్దపు శరణులలో బహురూపి చౌడయ్య యను నొకడు కలడు. మడివాళ మాచయ్య బట్టలుతికినట్లు, అంబిగర చౌడయ్య పడవ నడిపినట్లు, మేదర కేతయ్య బుట్టలల్లినట్లు, నులియ చందయ్య త్రాళ్ళు పేనినట్లు ఇతడు వేషములు కట్టి బ్రతికెను. అది ఇతని కాయకము. రేకణ్ణప్రియ నాగినాథ యను ముద్రతో ఇతడు చెప్పిన వచనములు నేటికిని నిలిచియున్నవి. శరణుల నడుమ చేరిన పిదప ఇతని పేరు ముందు నుండి బహురూపి యను మాటను ఎవరును తీసివేయలేదు. తీసివేయవలెనని ఇతడును కోరలేదు. నవ్వించుటయే కాయకముగా గల నగెయ మారితందె యను శరణుడును ఆ కాలమువాడే.

ఇచ్చట కొంచెము నిలిచి చూడవలయును. సత్యము పలుకుటయే దేవలోకమని, మిథ్య పలుకుటయే మర్త్యలోకమని బోధించిన సమాజము అది. అట్టి చోట, తెల్లవారిన మొదలు తాను కానివానిగా కనబడుటయే పనిగా గలవానిని నీ వృత్తి విడిచి రమ్మనలేదు. ఏల? ఒక సమాధానము సులభము. కాయకము ఏదైనను పవిత్రమే యనవచ్చును. కాని అది చాలదు. దొంగతనమును కాయకమని ఎవరును ఒప్పుకొనరు గదా. ఏ పనియైనను కాయకము కావలెనన్నచో అది ఎదుటివానికి ఏదియో ఇయ్యవలెను, తగిన కూలి మాత్రమే కోరవలెను. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అలవాటుకు మించి బియ్యము ఏరి తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ మందలించి, మిగులును తిరిగి అచ్చటనే పోసి రమ్మన్న కథ ప్రసిద్ధము. ఆ ఇల్లాలి చేటతోనే బహురూపిని కూడ కొలువవచ్చును. చూపరి ముఖమున నవ్వు పుట్టించినంతకే కూలి. చూపరి భ్రమకు కూలి లేదు.

పెద్దలు చెప్పుకొను ఒక పాత కథ ఈ సంగతిని మరింత లోతుగా పట్టినది. ఒక బహురూపి సన్న్యాసి వేషమున ఊరి బయట కూర్చుండెను. రాజు వచ్చి, నిజమైన విరాగి యని నమ్మి, పళ్ళెము నిండ బంగారము పెట్టి మ్రొక్కెను. బహురూపి కన్నెత్తి చూడలేదు. మరునాడు సొంత రూపమున సభకు వచ్చి, నిన్నటి సన్న్యాసిని నేనే, నా సంభావన ఇప్పించుడని కొన్ని రూకలడిగెను. నిన్న బంగారము వలదంటివేల యని రాజు అడుగగా, నిన్న పుచ్చుకొన్నచో సన్న్యాసికి మచ్చ వచ్చియుండును, నా వేషము చెడియుండును అని అతడు చెప్పెను. ఈ కథను వైరాగ్యమునకు ఉదాహరణగా చెప్పువారు కలరు. నిజమునకు ఇది పనితనపు కథ. సన్న్యాసి ఎట్లుండవలెనో సన్న్యాసుల కంటె బహురూపికి బాగుగా తెలిసినది. తెలియక పోయినచో వేషము పండదు. మఠములలో ఉన్నవారు ఈ కథను ఏడాదికొకసారి తలచుకొన్నను నష్టము లేదు.

వేషము ఆటగా నుండుచునే నిజమును బయటపెట్టిన ఘట్టము రాయలసీమ చరిత్రలోనే కలదు. కడప సీమలోని సిద్ధవటమును సంబెట గురవరాజు ఏలుచుండెను. పన్నుల కొరకు స్త్రీలను సైతము క్రూరముగా హింసించి ధనము రాబట్టుచుండెనని ప్రతీతి. కూచిపూడి భాగవతులు ఆ సీమ మీదుగా పోవుచు ఆ దారుణము చూచి, విజయనగరము చేరి, వీరనరసింహరాయల ఎదుట ప్రదర్శనమున ఒకరు గురవరాజుగా, ఒకరు భటునిగా, ఒకరు హింసింపబడు స్త్రీగా వేషములు కట్టి ఆడి చూపిరి. ఆటలోని భావము గ్రహించిన రాయలు విచారించి, సేన నంపి ఆ దుర్మార్గుని శిక్షించెను. మాచుపల్లి కైఫియత్తులో ఈ వృత్తాంతము కలదు. వారు అర్జీ పెట్టుకొని యుండవచ్చును. అర్జీలు మధ్యలో ఎన్ని చేతులు మారునో, ఎచ్చట ఆగిపోవునో కచేరీల చుట్టు తిరిగినవారెరుగుదురు. వేషము నేరుగా రాజు కన్నుల ముందు నిలిచినది. భాగవతుడు తాను గురవరాజు కాడని అందరికి తెలియును గనుకనే గురవరాజెవరో అందరికి తెలిసినది.

ఐతే వేషమన్నంతనే నిర్దోషమని చప్పట్లు కొట్టుట కూడ తగదు. పగటివేషముల జాబితాలో జంగమదేవర వేషమును కలదు. గంట వాయించుచు, ముఖము నిండ విభూతితో, భిక్షకు తొందరపడు జంగమయ్యను చూపి నవ్వింతురు. మనవారిలో కొందరు దానికి నొచ్చుకొందురు. నొచ్చుకొనుట న్యాయము కాదు. సోమయాజిని, కరణమును, శెట్టిని ఆటపట్టించునప్పుడు కడుపుబ్బ నవ్వి, జంగమయ్య వంతు వచ్చునప్పటికి కనుబొమ్మలు ముడుచుట శరణుల మర్యాద కాదు. కాని అవే వేషములలో కడుపేద సంచార కులములవారిని, వారి యాసను, వారి ఆకలిని పరిహసించునవియు కలవు. కరణము కోపించినచో వేషగానిని ఊరి నుండి వెళ్ళగొట్టగలడు. ఆ పేదవాడు ఏమి చేయగలడు? బలవంతుని వేషము కట్టువాడు కొంత సాహసము చేయుచున్నాడు. దుర్బలుని వేషము కట్టి నవ్వించువాడు తన కంటె క్రిందివాని వీపు మీద కూర్చుండి కూలి సంపాదించుచున్నాడు. ఆ నవ్వులో చౌడయ్య కాయకపు వాసన లేదు.

ఇక కష్టమైన చోటికి రావలయును. ఆట కాని వేషము, కపటముగా ధరించిన భక్తుని వేషము మన గడప ముందు నిలిచినప్పుడు ఏమి చేయవలయును?

పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించినదియు, 1369లో భీమకవి కన్నడమునకు తెచ్చినదియు ఐన బసవపురాణములో దీనికి సంబంధించిన కథ ప్రసిద్ధము. బసవేశ్వరుడు జంగములకు లేదనకుండ ఇచ్చుచున్నాడని విని, కొందరు కపటులు ఆశపడి, లింగములు లేక వంకాయలను గుడ్డలో కట్టి మెడలలో వ్రేలాడదీసికొని భక్తుల వలె వచ్చిరి. బసవేశ్వరుడు వారిని పరీక్షింపలేదు. నిజభక్తులకు వలెనే మ్రొక్కెను. మూటలు విప్పునప్పటికి వంకాయలు లింగములై యుండెను. ఈ కథ విని పిల్లలు నవ్వుదురు, పెద్దలు కన్నులు తుడుచుకొందురు. ఇద్దరును సరియే. మోసగాండ్ర ముఖములు ఆ క్షణమున ఎట్లుండెనో ఊహించుకొన్నచో నవ్వు రాక మానదు. వారు దొంగ సొమ్ము కొరకు వచ్చి, విడువరాని సొమ్ము మెడలో వేసికొని పోయిరి.

తమిళ దేశపు కథ దీని కంటె కఠినము. తిరుక్కోయిలూరు నేలిన మెయ్‌ప్పొరుళ్ నాయనారును యుద్ధమున గెలువలేని శత్రువు ముత్తనాథుడు శైవ తపస్వి వేషము ధరించి, ఆగమ గ్రంథమని చెప్పి, ఆ పుస్తకపు కట్టలో కత్తి దాచి అంతఃపురమున ప్రవేశించి రాజును పొడిచెను. కావలివాడు దత్తుడు కత్తి దూయగా, నేలకొరుగుచున్న రాజు అతనిని వారించి, విభూతి ధరించినవాడు మనవాడే, ప్రజలెవరును ఇతనికి హాని చేయకుండ ఊరి పొలిమేర దాటించి రమ్మని ఆజ్ఞాపించెను. దత్తుడు ఆ పని ముగించుకొని వచ్చి చెప్పునంతవరకు ప్రాణములు నిలుపుకొనెను.

ఈ రెండు కథలను చూపి, వేషము కనబడినంతనే మ్రొక్కి ఇయ్యవలెను, విచారింపరాదు అని బోధించువారు కలరు. వారి మాట సగము నిజము. కథలు మోసపోయినవానిని కొనియాడినవి గాని మోసగించినవానిని ఎచ్చటను కొనియాడలేదు. పైగా బసవేశ్వరుడు ఇచ్చినది తన చేతిలోనిది. మెయ్‌ప్పొరుళ్ నాయనారు ఇచ్చినది తన ప్రాణము. తన విశ్వాసమునకు తానే వెల చెల్లించిన వారు వారు. వాన లేని ఏట బెంగుళూరు పోయి ఇటుకలు మోసి కూతురు పంపిన రూపాయలను, విభూతి పూసికొని వచ్చిన అపరిచితునికి తండ్రి ధారపోసినచో అది బసవన్న భక్తి కాదు. చెల్లింపు కూతురిది, కీర్తి తండ్రిది. పిడికెడు రాగులు, గుక్కెడు మజ్జిగ వేషమును పరీక్షింపక ఇయ్యదగినవి. అంతకు మించినదానికి ఊరు, మఠము, గురువు పేరడుగుట అపచారము కాదు. నిజమైన జంగముడు అడిగినందుకు నొచ్చుకొనడు.

శరణుల కథలలో కపటము కొరకు గాక ప్రేమ కొరకు వేసిన వేషములును కలవు. అవి తలచుకొనుటకు ఆహ్లాదకరముగా నుండును. కాశ్మీర దేశపు రాజు మహాదేవ భూపాలుడు రాజ్యము విడిచి, భార్య మహాదేవితో కల్యాణము చేరి, మోళిగెయ మారయ్య యను పేర కట్టెల మోపులమ్మి జీవించెను. బసవేశ్వరుడు వీరి పేదరికమునకు జాలిపడి, తానే జంగమ వేషమున వారి ఇంటికి వచ్చి భోజనము చేసి, ఎవరును చూడకుండ ధనపు మూటలు దాచిపోయెనని కథ. మంత్రి పదవిలో నున్నవాడు, లోకమును సంస్కరించినవాడు, ఒక కట్టెలవాని గుడిసెలో దొంగవలె అటునిటు చూచుచు ధనము దాచుట ఊహించుకొనుడు. దొంగలు తీసికొనుటకు మారువేషము వేయుదురు, ఇతడు పెట్టిపోవుటకు వేసెను. ఐనను ఆట పారలేదు. మారయ్య ఆ ధనమును తాకక జంగములకు పంచివేసెను. రాజ్యమునే విడిచివచ్చినవానికి రెండు మూటలిచ్చి మేలు చేయజూచినందుకు బసవేశ్వరుడే సిగ్గుపడవలసివచ్చెను. ఈ కథలో గురువు ఓడిపోవుట శ్రోతలకెప్పుడును ప్రియమే.

మారయ్య మాత్రము వేషధారియా? రాజై యుండి కట్టెలవానిగా కనబడెను గదా యని అడుగవచ్చును. అతని తల మీది మోపు నిజమైనది, చెమట నిజమైనది, సాయంకాలపు గంజి నిజమైనది. ఏది వేషమో తేల్చవలసివచ్చినచో కిరీటము వైపే వ్రేలు చూపవలసియుండును. మరుళశంకరదేవుడు వేరొక రీతివాడు. మహామనెలో ఎవరికి పట్టని పిచ్చివానివలె, సేవకునివలె, ప్రసాదము తినుచు ఏండ్ల తరబడి మూలపడి యుండెను. అల్లమప్రభువు వచ్చి చూపువరకు అతడెవరో బసవన్నకు సైతము తెలియలేదని శూన్యసంపాదనె కథనము. తన కంటె తక్కువగా కనబడుటకు వేషము కట్టువారు అరుదు. వారిని పట్టుకొనుట మోసగాండ్రను పట్టుకొనుట కంటె కష్టము.

శివుడే ఈ ఆటలో ఆరితేరినవాడు గదా. మడకశిర నుండి హిందూపురము మీదుగా లేపాక్షికి పోయినచో, వీరభద్రాలయపు మండపము కప్పు మీద 16వ శతాబ్దపు చిత్రకారులు రంగులలో కిరాతార్జునీయము వ్రాసియుంచిరి. లోకేశ్వరుడు బోయవాడై వచ్చి, ఒక అడవి పంది కొరకు అర్జునునితో బాహాబాహి కలియబడును. అర్జునుడు గుర్తింపడు. గుర్తించి యుండినచో మ్రొక్కి యుండును, పోరు జరిగియుండదు, పాశుపతము దొరకి యుండదు. ఇటు అమరాపురము మండలములో, నొళంబుల రాజధానియైన హేమావతిలో, సిద్ధేశ్వరుడు లింగాకారమున గాక మానవాకారమున కూర్చుండి పూజలందుకొనుచున్నాడు. దూర ప్రాంతము నుండి వచ్చిన భక్తులు మొదట తడబడుదురు. ఆ ఊరివారికి అందులో వింత లేదు. రూపము లేనివానికి ఏ రూపమైనను ఒకటే యని వారు సులభముగా చెప్పుదురు.

వేదిక ప్రక్కన నిలిచిన బాలుని ఇంకను నిరీక్షింపజేయుట భావ్యము కాదు. ఇష్టలింగము గురువు శిష్యుని కరతలమున ఉంచి ఇచ్చునది. అంగడిలో కొన్నది కాదు, ఎరువు తెచ్చుకొనదగినది కాదు. కావున దీక్ష లేని బాలునికి ఒకరి లింగమును తీసి వేయుట తగదన్న పెద్ద మాట నిలుచును. ఐతే లింగము ఎన్నడును నలుగురికి కనబడునట్లు ధరించునది కాదు. వెండి కాయలోనో, వస్త్రములోనో ఉండును. లోకము చూచునది ఆ కాయను, శివదారమును మాత్రమే. వేషమునకు కావలసినది లోకము చూచునంతవరకే. ఖాళీ కాయను శివదారమునకు కట్టి బాలుని మెడలో వేసినచో బసవన్న వేషము పూర్తియగును, లింగమునకు లోపము రాదు. కులము చూడరాదన్న రెండవ పెద్ద మాటయు నిలుచును.

ఖాళీ కాయ కట్టుట వంకాయ కట్టుట వంటిదే గదా యని మొదటి పెద్ద మరల అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. ఆ కపటులు మూట విప్పకుండ దాచిరి. ఈ బాలుడు వేదిక దిగిన వెంటనే కాయ తీసి తల్లి చేతికిచ్చి, ముఖము కడిగికొని, తన పేరుతో తన బడికి పోవును. నిజముగా లింగము కావలెనని అతనికి తోచినచో గురువు ఉన్నాడు, దారి తెరచియున్నది. వేషము కట్టిన పిల్లవాడు రెండు మూడు దినములు ఇంటిలో మెల్లగా మాటలాడుట, చెల్లెలిని కొట్టకుండుట తల్లులు గమనించియే యుందురు. ఆ తరువాత మామూలే.

పగటివేషములు నేడు అరుదైనవి. వరుసగా కరువులు వచ్చినప్పుడు ఇండ్లలో కొలిచి పెట్టుటకు గింజలు లేవు. పిమ్మట గింజలున్న ఏడు కూడ చూచు తీరిక లేదు. బృందముల పిల్లలు వేరు పనులు వెదకికొనిరి. అయినను ఆ బృందములు వచ్చిన కాలమెరిగిన ముసలివారు కడపటి దినమునే ఎక్కువగా తలచుకొందురు. రంగు లేని ముఖములతో, మాసిన పంచెలతో నలుగురు మగవారు గడప ముందు నిలుచుందురు. వారిలో పార్వతి ఎవరని ఇంటి అవ్వ అడుగును. వారు నవ్వి ఒకనిని ముందుకు త్రోయుదురు. ఎంత కడిగినను అతని ఎడమ చెవి వెనుక కొంచెము పసుపు మిగిలియుండును. అవ్వ దానిని చూచి, చేటలోని రాగుల మీద మరియొక దోసెడు పోయును.